వంటింటి కిటికీ

పోయినేడాది అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది నయాగరా కాదు. చెప్తే నవ్వుతారేమో, ఒక పాత ఇంటి వంటగదిలో గిన్నెలు కడుక్కునే రాతి తొట్టె.

బోస్టన్‌కి దగ్గర్లో కాంకార్డ్ అని ఒక చిన్న ఊరు. అక్కడ లూయిసా మే ఆల్కాట్ అనే రచయిత్రి ఇల్లు ఉంది. ఆర్చర్డ్ హౌస్ అంటారు, ఒకప్పుడు చుట్టూ ఆపిల్ తోట ఉండేదని. ఆవిడ 'లిటిల్ ఉమెన్' నవల 1868లో ఆ ఇంట్లోనే రాసింది. రెండు కిటికీల మధ్య గోడకి తగిలించిన చిన్న అర్ధచంద్రాకారపు బల్ల చూపించారు. వాళ్ళ నాన్న చేసిపెట్టాడట. మన పూజగదిలో దీపాలు పెట్టుకునే అరకంటే కాస్త పెద్దదేమో, అంతే! దాని మీదే అంత పుస్తకం. చిన్న చెల్లెలు గోడల మీదా తలుపుల మీదా గీసిన బొమ్మలు చెరపకుండా అలాగే ఉంచారు. మా అమ్మాయి చిన్నప్పుడు హాల్లో గోడ మీద ఏనుగుని గీస్తే నేను వీపు మీద ఒకటి వేసి, మర్నాడే సున్నం వేయించాను. అది వెంటనే నావైపు తిరిగి చూసింది. నేను చూడనట్టు ముందుకి నడిచాను.

వంటగదిలోకి వెళ్ళాక ఆ తొట్టె. సోప్‌స్టోన్ అంటారట ఆ రాయిని. లూయిసా తన సంపాదనతో ఇంటికి కొనిపెట్టిందని అక్కడ చూపించేవాళ్ళు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు ఆవిడ, ఇల్లంతా ఆవిడ కలం మీదే నడిచింది. ఆ ఇంటిని 1912 నుంచి అందరికీ చూపిస్తున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళే పూనుకుని నిలబెట్టారట. నూటపది ఏళ్ళు దాటినా గిన్నెలు తోముకునే తొట్టెని కూడా పారెయ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మాయి అడిగింది, "అమ్మా, మన రాజమండ్రిలో ఇలాంటిది ఏదీ లేదా?" అని.

"ఎందుకు లేదు, వీరేశలింగం గారి ఇల్లు లేదూ!" అన్నాను రోషంగా.

"ఎలా ఉంటుంది?"

పెళ్ళయ్యి దానవాయిపేటలో కాపురం పెట్టి 32 ఏళ్ళు. వంకాయలవారి వీధికి ఆటోలో పావుగంట. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. "బాగుంటుంది" అని ఊరుకున్నాను.

తిరిగొచ్చిన వారానికే పెద్దన్నయ్య ఫోను. కోనసీమలో మా పుట్టింటిని అమ్మేద్దామనుకుంటున్నారట. అంబాజీపేట దగ్గర మా ఊరు. నాన్నగారూ అమ్మా పోయాక ఇంటికి తాళమే. పెద్దన్నయ్య హైదరాబాదులో, చిన్నన్నయ్య విశాఖపట్నంలో. "పెంకు జారిపోతోందే, వానకి పడమటింట్లో నీళ్ళు నిలుస్తున్నాయి. చూసేవాడు లేడు. ఒకాయన స్థలానికి మంచి ధర ఇస్తానంటున్నాడు. నువ్వొచ్చి ఒక సంతకం పెట్టేస్తే..." అన్నాడు.

నాన్నగారు విల్లు రాయకుండా పోయారు. అంచేత నా సంతకం లేనిదే రిజిస్ట్రేషన్ అవదు. ఆ 'ఒక సంతకం' అంటే ఏమిటో మీకు వివరించక్కర్లేదనుకుంటాను. ఆడపడుచు సంతోషంగా సంతకం పెడుతుంది, వదినలు పసుపు కుంకుమ కింద పట్టుచీర పెడతారు, అందరూ కలిసి భోంచేసి ఎవరింటికి వాళ్ళు వెళ్తారు. మా ఊళ్ళో ఇప్పటికీ ఎక్కువగా అలాగే జరుగుతుంది. నేనూ "సరే అన్నయ్యా, తేదీ చెప్పు" అనే అన్నాను.

ఆ ఆదివారం ఎందుకో మావారితో "నన్ను వంకాయలవారి వీధికి తీసుకెళ్ళండి" అన్నాను. "అక్కడేం దొరుకుతాయి?" అన్నారాయన. ఏదో కొట్టు అనుకున్నారు పాపం.

కందుకూరి వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న పుట్టిన ఇల్లు అది. ఇప్పుడు ప్రభుత్వం సంరక్షణలో ఉంది. చుట్టూ కొత్త మేడలు లేచిపోయాయి, మధ్యలో అది. ఆయన గురించి చిన్నప్పుడు పదిమార్కుల ప్రశ్న చదివినవాళ్ళమే అందరం. 1874లో వివేకవర్ధని పత్రిక, ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి, రాజశేఖర చరిత్రము నవల, ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని, టౌన్‌హాలు, చివరికి ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసెయ్యడం. బట్టీపట్టినవి ఇంకా నోటికొస్తాయి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం. ఆ నెలలోనే రెండోది కూడా. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఊరంతా అల్లరి, పోలీసుల కాపలా, ఆయన శిష్యులే చుట్టూ నిలబడి పెళ్ళి చేయించారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి వెలి, ప్రాయశ్చిత్తాలు.

ఇదంతా మావారు నాకు చెప్తున్నారు, ఆయన కూడా ఆ పదిమార్కుల బాపతే కదా. నాకు మాత్రం వంటిల్లు ఎక్కడుండేదా అని. కాంకార్డ్‌లో ఆ తొట్టె చూసొచ్చిన కళ్ళు మరి! దొడ్డివైపు నిలబడి, పొయ్యి ఇక్కడుండి ఉంటుంది, నీళ్ళ బిందెలు అక్కడ అని నాకు నేనే వేసుకున్నాను లెక్క.

ఎందుకంటే ఆ పెళ్ళిలో నన్ను ఎప్పుడూ పట్టుకునేది పంతులుగారి ధైర్యం కాదు, ఆవిడ సంగతి. రాజ్యలక్ష్మమ్మ గారు. పుట్టింట్లో పేరు బాపమ్మ. చిన్నపిల్లగానే ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళి తలపెట్టేసరికి వంటవాళ్ళు మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆవిడే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, ఆవిడే వండి, వచ్చినవాళ్ళందరికీ పెట్టింది. ఒకపూట కాదు. ఆ తర్వాత కూడా ఎన్నో పెళ్ళిళ్ళు జరిగాయి. దిక్కులేక వచ్చిన వితంతువులు ఆ ఇంట్లోనే ఉండేవారు. వాళ్ళకి తలంట్లు, పురుళ్ళు, పథ్యాలు, ఏడిస్తే ఓదార్చడాలు... వీటికి సభలుండవు. పంతులుగారు ఉపన్యాసం ఇచ్చి ఇంటికొచ్చేసరికి అన్నం వేడిగా ఉండేదా లేదా అన్నది ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? పిల్లలు లేరు వాళ్ళకి. 1910లో ఆవిడ పోయింది. ఆయన ఇంకో తొమ్మిదేళ్ళు బతికి 1919 మే 27న మద్రాసులో పోయారు.

డిసెంబరులో గోదావరి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మనకి తెలుసు. కార్తీకమాసం స్నానానికే గజగజలాడతాం. వెలేసిన ఊళ్ళో, వీధి అరుగుల మీద నలుగురూ చూస్తుండగా, పెళ్ళివారికి సరిపడా నీళ్ళు అన్ని బిందెలు. నేనైతే రెండో బిందెకే పుట్టింటికి వెళ్ళిపోదును.

ఆ దొడ్లో నిలబడ్డప్పుడే నాకు వంటింటి మామ్మ గుర్తొచ్చింది.

మా తాతగారి చెల్లెలు. ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది కనుక మేము అలా పిలిచేవాళ్ళం. అసలు పేరుతో పిలవగా నేను వినలేదు. పదకొండో ఏట భర్త పోయాడట, కాపురానికి వెళ్ళకుండానే. 1917 ప్రాంతం అని అమ్మ లెక్కచెప్పేది. నేను 12 ఏళ్ళదాన్ని అయ్యేదాకా బతికే ఉంది. మల్లుపంచె, బోడితల మీదుగా ముసుగు, ఒంటిపూట భోజనం. కానీ ఆ చేతివంట! పనసపొట్టులో ఆవ పెట్టడం ఆవిడ తర్వాత మా ఇంట్లో ఎవరికీ కుదరలేదు. నాకూ కుదరలేదు. కందాబచ్చలి ఆవిడ వండితే తాతగారు రెండోసారి అన్నం కలిపేవారు.

మా తాతగారు చెడ్డవారు కాదు. చెల్లెల్ని ఒక్క మాట అనేవారు కాదు. పైగా చదువుకున్నవారు. అటక మీద చెక్కపెట్టెలో ఆయన పుస్తకాలుండేవి. వాటిలో వీరేశలింగం గారి స్వీయచరిత్ర కూడా ఉంది, అంచులన్నీ చిమ్మటలు కొట్టేసి. మా చిన్నప్పుడు వీధరుగు మీద కూర్చుని పంతులుగారి గొప్పతనం గురించి ఎవరొస్తే వాళ్ళకి చెప్పేవారు. "మా గోదావరి జిల్లావాడు" అని ఎంత గర్వమో. ఆ మాట చెప్తూ చెప్తూనే లోపలికి తిరిగి "మజ్జిగ పంపమ్మా" అని కేకేసేవారు. మజ్జిగ పంపేది ఈవిడ.

అప్పట్లో మాకెవరికీ అది తప్పుగా తోచలేదు. వంకాయలవారి వీధిలో నిలబడి లెక్క వేసుకుంటే మాత్రం కడుపులో తిప్పింది. మామ్మకి పదకొండేళ్ళప్పుడు పంతులుగారు ఇంకా బతికే ఉన్నారు. మొదటి పెళ్ళి జరిగి అప్పటికే ముప్ఫై ఆరేళ్ళు. రాజమండ్రికీ మా ఊరికీ మధ్య ఉన్నది ఒక్క గోదావరి. ఆ కబురు ఏటి ఇవతలికి పుస్తకంగా వచ్చింది, అటక ఎక్కింది.

ఇంకో సంగతి అమ్మ పోయేముందు చెప్పింది. మా ఇల్లు మొదట తాటాకుల ఇల్లేనట. ఒక ఎండాకాలం అంటుకుంటే, తాతగారు టేకు దూలాలు వేసి, పెంకు నేయించి, మండువా లోగిలి కట్టించారు. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? మామ్మకి పెళ్ళికి పెట్టిన కాసులపేరు, వడ్డాణం, మురుగులు. "నాకెందుకన్నయ్యా ఇవి" అని తీసి ఇచ్చేసిందట. మెట్టినింటినుంచి మనోవర్తి కింద ఒక్క గింజ రాలేదు. ఉన్న బంగారం ఇంటి కప్పు అయిపోయింది. 1996 నవంబరులో తుపాను వచ్చి కోనసీమలో కొబ్బరిచెట్లు అన్నీ నేలపడిపోయిన రాత్రి, మా వీధిలో సగం మంది ఆ మండువాలోనే తలదాచుకున్నారు. పెంకులు ఎగిరిపోయాయి కానీ దూలం ఒక్కటి కదల్లేదు. అప్పటికి మామ్మ పోయి చాలాకాలం. దస్తావేజులో ఉన్నది తాతగారి పేరు.

ఆవిడ ఫొటో కూడా ఒక్కటి లేదు. అంతమంది పెళ్ళిళ్ళ ఫొటోలు ఉన్నాయి ఇంట్లో, ఒక్కదాంట్లో లేదు. ఉండదు. ఫొటో తీసేచోటికి రాకూడదు కదా.

ఫొటో అంటే గుర్తొచ్చింది, మా ఊరికి దగ్గర్లోనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ గారి ఊరు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారి భార్యగా ఆ ఊరొచ్చి, పడవ దిగిన ప్రతి బాటసారికీ వేళతో పనిలేకుండా అన్నం పెట్టిన తల్లి. లంక గ్రామాలంటే అప్పట్లో ఏరు పొంగితే ఎక్కడివాళ్ళక్కడే. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టినా పొయ్యి వెలిగించేదట. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వార్షికోత్సవానికి 1903లో పిలుపు వస్తే, "నేను వెళ్తే ఇక్కడ అన్నం ఎవరు పెడతారు" అని వెళ్ళలేదని, అప్పుడు అధికారులు బతిమాలి ఆవిడ ఫొటో తీయించుకెళ్ళారని మా వైపు చెప్పుకుంటారు. 1909లో పోయింది. ఇప్పుడు గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవ దాటే అక్విడెక్టుకి ఆవిడ పేరు. 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్నభోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. వంట చేసే చేతికి పేరు రావాలంటే ఎంత వండాలో చూడండి. జీవితమంతా, జిల్లా అంతటికీ.

మా మామ్మ వండింది ఒక్క ఇంటికే.

సరే, అసలు సంగతికొస్తాను. మాఘమాసంలో ముగ్గురం ఊళ్ళో కలిశాం. వదినలిద్దరూ వచ్చారు. ఇల్లంతా దుమ్ము, గబ్బిలాల వాసన. మండువాలో నాలుగు కుర్చీలు వేయించి, హోటలు నుంచి పులిహోర తెప్పించారు. ఆ ఇంట్లో హోటలు పులిహోర తింటామని ఎప్పుడూ అనుకోలేదు. చిన్నన్నయ్య కాగితాలు తీశాడు.

నేను గొంతు సవరించుకుని, "సంతకం పెడతాను. కానీ నా వాటా నాకు కావాలి" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దొదిన పులిహోర విస్తరి మడిచేసింది. పెద్దన్నయ్య "నీకేం తక్కువైందే? బావగారికి పెన్షను వస్తోంది, అమ్మాయి అమెరికాలో ఉంది" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. నాకు తక్కువ లేదు, అదీ నిజమే. మరి ఎందుకు అడిగినట్టు? రాత్రంతా మనసులో అల్లుకున్న మాటలన్నీ అక్కడ గొంతులో ఇరుక్కుపోయాయి. చివరికి అమ్మ చెప్పిన బంగారం కథ చెప్పాను. ఈ దూలాలు ఎవరివో తెలుసా అని.

"కాగితం ఉందా?" అన్నాడు చిన్నన్నయ్య.

లేదు. ఏముంటుంది?

"పోయినావిడ పేరు చెప్పి బతికున్నవాళ్ళు అడగడం ఏమిటో" అంది చిన్నొదిన గోడకి చెప్తున్నట్టు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే కొంత నిజం ఉంది. మామ్మ పేరు అడ్డం పెట్టుకుని నా వాటా నేను అడుగుతున్నానా? నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను తర్వాత. ఇప్పటికీ పూర్తిగా తేల్లేదు. కానీ "నాకెందుకన్నయ్యా ఇవి" అని ఆ ఇంట్లో ఒకావిడ ఒకసారి అంది. రెండోసారి నేను అనదలుచుకోలేదు. అంతవరకూ తెలుసు.

చాలాసేపటికి పెద్దన్నయ్యే, "చట్టప్రకారం దానికి వస్తుందిరా, అడిగింది, ఇచ్చేద్దాం" అన్నాడు. మా తాతగారి ముక్కు ఆయనది. ఆ క్షణంలో అచ్చం తాతగారిలాగే కనపడ్డాడు, కాకపోతే తాతగారు ఆ మాట అనలేదు.

సంతకాలు అయ్యాక నేను వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిగట్టు కూలిపోయింది. రుబ్బురోలు ఎవరో ఎత్తుకెళ్ళారు. ఉట్టి కొక్కెం ఇంకా దూలానికి వేలాడుతోంది. మండువాలోకి తెరుచుకునే చిన్న కిటికీ మాత్రం చెక్కుచెదరలేదు, నాలుగు ఇనపచువ్వలు, టేకు చట్రం. ఆ చట్రం అడుగుభాగం ఒకచోట నున్నగా, కాస్త పల్లంగా అరిగిపోయి ఉంది.

మా చిన్నత్తయ్య పెళ్ళి మండువాలోనే జరిగింది. నాకప్పుడు ఏడేళ్ళు. తలంబ్రాలప్పుడు అందరూ పందిట్లో ఉంటే, ఆ కిటికీ వెనక మామ్మ నిలబడి, చట్రం మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. పాపం రాలేకపోయింది కదా అని నేను గుప్పెడు అక్షింతలు పట్టుకెళ్ళి, "వెయ్యి మామ్మా" అని చువ్వల్లోంచి ఇచ్చాను. భయపడిపోయింది. "నేను వెయ్యకూడదమ్మా" అంది. మళ్ళీ నా చేతిలో పెట్టలేదు కానీ. పోపులపెట్టె తీసి, ఆవాల పక్కన ఖాళీగా ఉన్న గూట్లో వేసుకుంది. ఆ తర్వాత చాలారోజులు అవి అందులోనే ఉండడం నేను చూశాను. పసుపు రంగు వెలిసిపోయినా తీసెయ్యలేదు.

బయటికొచ్చి, "అన్నయ్యా, ఆ కిటికీ నాకు కావాలి" అన్నాను.

"కిటికీ ఏం చేసుకుంటావే ఫ్లాటులో?"

"తెలీదు."

పాత కలప మొత్తం బేరం అయిపోయిందట. దూలాలు, స్తంభాలు, సింహద్వారం, అన్నీ లెక్కకట్టి ఇచ్చేశారు. కిటికీకి విడిగా నేను డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది, నా పుట్టింటి కిటికీని, 1,500 రూపాయలకి. వడ్రంగి చువ్వలతో సహా ఊడదీసి, ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. రావులపాలెం దగ్గర గోదావరి వంతెన మీద ఎదురుగాలికి అది దడదడమని కొట్టుకుంటుంటే, మావారు వెనక కారులోంచి చూసి, "రేపు నాకు మోకాళ్ళ నొప్పులంటే ఊరుకోను, నువ్వే మోయాలి మూడో అంతస్తుకి" అన్నారు.

పెద్దొదిన ఫోను చేసి రెండు నెలలైంది. ఉగాదికి నేనే చేస్తే "బావున్నాం" అని పెట్టేసింది. ఈసారి పనసపొట్టు ఎక్కువగా తెచ్చాను, కొరియరులో పంపుదామని చూస్తున్నాను.

కిటికీ ప్రస్తుతానికి బాల్కనీలో వాషింగ్ మెషీను వెనక గోడకి ఆనించి ఉంది. వీడియోకాల్‌లో అమ్మాయికి చూపించాను. "ఎక్కడ పెడతావమ్మా?" అంది. వంటింటికీ హాలుకీ మధ్య గోడ కొట్టించి బిగిద్దామని నా ఆలోచన. మావారు మేస్త్రీని పిలిచి అడిగితే, గోడలో కరెంటు వైర్లు ఉన్నాయి, కుదురుతుందో లేదో సోమవారం వచ్చి చూసి చెప్తానన్నాడు.